నలభయ్యో బొమ్మలో గొర్రెపిల్ల

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. నాకు రాయడం యాభై తొమ్మిదో ఏట వచ్చింది. ఇప్పటికీ ఒక్కో మాట కూడబలుక్కునే రాస్తాను కాబట్టి, ఈ కల నాకు వచ్చినంత వేగంగా మీ దగ్గరికి రాదు.

నేల ఎర్రగా ఉంది, ఆకాశమూ ఎర్రగానే ఉంది, రెంటికీ మధ్య గీత లేదు, నేను చెప్పుల్లేకుండా నడుస్తుంటే కాళ్ళకు మట్టి కాకుండా గరుకు బట్ట తగులుతోంది, చింతగింజల జిగురులో తెల్లసుద్ద కలిపి దాని మీద పూసింది నేనేనని అరికాళ్ళకు తెలిసిపోతోంది. దేనికీ నీడ లేదు. మా ఇంట్లో బట్ట మీద వేసే పటం బొమ్మలకు ఎన్నడూ నీడలుండవు గనక అది నాకు వింతగా లేదు. ఎదురుగా ఒక దడి, దడి లోపల వరసలు వరసలుగా పడుకున్న గొర్రెలు, అన్నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి. వాటి మధ్య నా భర్త ఓదేలు, పోయి మూడేళ్ళయిన మనిషి, మోకాళ్ళ మీద వంగి ఒక్కో గొర్రెనూ చూపుడు వేలితో నొక్కుతున్నాడు, అది కదలకపోతే పక్కదాని మీదికి జరుగుతున్నాడు.

"కాళ్ళు దులుపుకొని రావే, బట్ట మాస్తది," అంటాడు తల ఎత్తకుండా.

"సచ్చినంక గూడ నీ గులుగుడు పోలే."

"సచ్చుడికీ గులుగుడికీ ఏం సంబంధం?"

అప్పుడు తల ఎత్తుతాడు. ముక్కు, మీసం, చెంప మీది పుట్టుమచ్చ అన్నీ ఉన్నాయి గానీ కళ్ళు ఇంకా పెట్టలేదు, ఆ చోట తెల్లసుద్ద మాత్రమే ఉంది. నాకు భయం వేయదు. మా ఇళ్ళలో బొమ్మకు కన్ను చివరికి పెడతారు, చీర కుచ్చెళ్ళు, నగలు, చెట్ల ఆకులు అన్నీ అయ్యాక నల్లరంగులో కుంచె కొన ముంచి ఒక్క చుక్క పెడతారు, కన్ను పెట్టాక ఇక కుంచె కడిగేస్తారు. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను కళ్ళులేని మనుషుల మధ్యే వండాను, తిన్నాను, పడుకున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్?" అంటాను, తెలిసీ.

"గొర్రెపిల్లను. నీకు దొరికిందన్నవ్ గదా. నాకు దొరుకుతలేదు. జర చూపియ్యరాదు."

ఆ మాట అనగానే దడి మా ఇంటి అరుగు అవుతుంది, అరుగు మీద హిమజ కూర్చుని ఉంటుంది, హైదరాబాదులో ఉండి ఫోన్లో ఆడే ఆటలు తయారుచేసే పిల్ల, ఒళ్ళో పలకలాంటి టాబ్ పెట్టుకుని ఈయనకు చెబుతూ ఉంటుంది, బాబాయ్, ఈ ఆటలో ఒక్క అక్షరం కూడా ఉండదు, అన్నీ మీరు చేత్తో వేసిన బొమ్మలే, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఒక గొల్లామె నలభై బొమ్మలు దాటుకుంటూ పోతుంది, ఒక్కో బొమ్మలో దాచిన వస్తువేదో ఆడేవాళ్ళు కనిపెట్టి వేలితో నొక్కితేనే తర్వాతి బొమ్మ తెరుచుకుంటుంది, అని. ఆ పిల్ల మాట్లాడుతుండగానే ఆమె చీర అంచు రంగు ఆరిపోయి, ఆమె కూడా గోడ మీది బొమ్మ అయిపోతుంది.

ఆ నలభై బొమ్మల్నీ అందరికంటే ముందు చూసింది నేనే. రంగు ఆరగానే ఈయన బట్ట నా ముందు పరిచి, తాను దూరంగా కూర్చునేవాడు. అక్షరం రాని నీకు దొరికితే లోకంలో ఎవరికైనా దొరుకుతది, అనేవాడు. నేను వేలు పెట్టి వెతికేదాన్ని. కుండ వెనక కప్పను దాచేవాడు, తాటాకుల్లో తాళంచెవిని ఆకులాగే గీసేవాడు, ఒకసారి గొల్లామె ముక్కుపుల్లలోనే చందమామను పెట్టాడు, అది దొరికిన రోజు నేను ఆయన్ని తిట్టిన తిట్టుకు పక్కింటివాళ్ళు ఏమైందోనని వచ్చారు. తిడుతూనే మళ్ళీ మొదటి నుంచి చూసుకునేదాన్ని, దొరికాక కూడా వదలబుద్ధయ్యేది కాదు, ఎందుకంటే ఆయన చేయి వణికిన చోట గీత కూడా వణికేది, ఆ వణుకును వేలితో తడిమితే ఆయన చేయి పట్టుకున్నట్టే ఉండేది.

"చూపియ్యవే," అంటున్నాడు మళ్ళీ. "ఏ వరుసల ఉన్నది?"

నలభయ్యో బొమ్మ ఇదే. మందంతా నిద్రపోతుంటే తప్పిపోయి వచ్చిన పిల్ల ఒక్కటే కన్ను తెరిచి ఉండాలి. ఆ బట్ట పరిచేనాటికి ఆయనకు పది రోజులుగా జ్వరం, కూర్చుంటే ఆయాసం. పొద్దున మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా వెతికాను, నాకు తెరిచిన కన్ను కనపడలేదు. నా చూపే మందమనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, పడుకోకుండా, నా నోటివైపే చూస్తున్నాడు. దొరికింది, ఇగ పండుకో, అన్నాను. ఏ వరసలో అని ఆయన అడగలేదు. ముప్ఫై తొమ్మిది బొమ్మల్లో నేను అబద్ధమాడలేదు మరి. కుంచె కడిగి పడుకున్నాడు. మూడో రోజు పోయాడు.

ఆయన పోయాక హిమజ టాబ్‌లో ఒక్కో గొర్రెనూ పెద్దగా చేసి చూస్తే తేలింది, ఆ జ్వరంలో ఆయన కన్ను పెట్టాననుకున్నాడు, పెట్టలేదు. దొరకలేదని నేను ఒక్క మాట అని ఉంటే బట్ట దగ్గరికి జరుపుకుని చూసేవాడు, చుక్క పెట్టేవాడు.

"సాయవ్వా," అంటాడు.

చెప్పేస్తాను. "నాకు దొరకలేదయ్యా. నువ్వు పండుకోవాలని దొరికిందన్న. అండ్ల కన్నే లేదు. నువ్వు పెట్టలే."

ఆయన వేలు ఒక గొర్రె వీపు మీద ఆగిపోతుంది. ఎక్కడో నీళ్ళలో కుంచె కడుగుతున్న చప్పుడు.

"గట్లనా," అంటాడు. "మరి వాళ్ళెట్ల దాటుతున్నరు, ఆట ఆడేటోళ్ళు?"

"హిమజ నీ బొమ్మ మీద ఇంకొకల చెయ్యి పడనియ్యలే. కింద ఒక పట్టీ పెట్టి అక్షరాలు రాసింది. దాన్ని నొక్కితే ఆట అయిపోతది."

"అక్షరాలా? నా బొమ్మలల్లనా?"

"ఆ ఒక్క చోటనే."

"ఏం రాసింది?"

అది చదవడానికే నేను వయోజనుల బడికి పోయాను. ముసల్దానికి ఇప్పుడెందుకని నవ్వినవాళ్ళకు పింఛను కాగితాల కోసమని చెప్పాను. ఎనిమిది నెలలు పట్టింది. కూడబలుక్కుని చదివిన రోజు, హిమజ ఇచ్చిపోయిన టాబ్ మూసి బియ్యం డబ్బా మీద పెట్టాను, రెండు రోజులు దాని దిక్కు చూడలేదు.

"గొర్రెపిల్ల దొరికింది, అని రాసింది," అంటాను.

ఆయన నవ్వుతాడు. కళ్ళు లేకుండా నవ్వే ముఖాన్ని ఎటువైపు నుంచి చూడాలో నాకు తెలియదు. "నీ మాటనే అచ్చేసింది పో," అంటాడు.

"ఇప్పుడన్న పెట్టు. కుంచె ఉన్నది గదా, ఒక్క చుక్క. ఏ పిల్లకో నాకు చెప్పు, నేను పోయి హిమజకు చెప్త."

"అప్పుడు అడిగితే చెప్తుంటి." ఆయన గొర్రెలవైపు తిరుగుతాడు, దడి అవతల ఇంకో దడి, దాని నిండా గొర్రెలు, అవతల ఇంకొకటి. "గియ్యాల నాకే యాదికి లేదే. నువ్వు దొరికిందన్నంక నేను మనసులకెల్లి తీసేసిన."

"కోపమా?"

"కోపం జెయ్యనీకె తీరిక యాడుంది? ఇంత మంద ఉన్నది."

మళ్ళీ వంగి నొక్కడం మొదలుపెడతాడు, మెత్తగా, నిద్రపోయే పిల్లల్ని లేపకుండా దుప్పటి సర్దినట్టు. నేను ఊరికే నిలబడలేను. మంద చివరికి నడిచిపోయి ఆ కొస నుంచి మొదలుపెడతాను, ఒకటి నొక్కుతాను, కదలదు, రెండోది నొక్కుతాను, కదలదు, ఆయన ఆ కొస నుంచి వస్తున్నాడు, నేను ఈ కొస నుంచి పోతున్నాను, మధ్యలో గొర్రెలు తగ్గడం లేదు, గట్టిగా నొక్కితే కన్ను తెరుస్తాయేమోనని ఇంకా గట్టిగా నొక్కుతున్నాను, ఏమే, దొరికిందా, అని ఆయన అక్కడి నుంచి అడుగుతున్నాడు, దొరకలే, అని ఈసారి నేను గట్టిగా, ఆయనకు వినపడేటట్టు చెబుతున్నాను, దొరకలే, దొరకలే.

కళ్ళు తెరిచేసరికి అన్నం తిన్న గిన్నె అట్లాగే ఉంది, కిటికీలో ఇంకా మధ్యాహ్నపు ఎండే. మా చెల్లెలు వాకిట్లోంచి "అక్కా, ఎవలతోని మాట్లాడుతున్నవే" అంటోంది. నా చెయ్యి చాప మీద బోర్లా ఉంది. చూపుడు వేలు ఎత్తి చూసుకుంటే దాని కొన మీద చాప అల్లిక అచ్చు లోతుగా పడి ఉంది, చిన్న చిన్న గళ్ళు, వరసలు వరసలుగా.

సాయవ్వ, అరవై ఒక్క ఏళ్ళు, ఇప్పుడు జనగామలో మా చెల్లెలింట్లో ఉంటున్నాను.