కల విన్నవాళ్ళది

మా ఆవిడ పుష్పావతి పోయి మూడేళ్ళు దాటింది. నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. ఈ విషయంలో నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే. నగర్తపేటలో మా దారాల అంగడి మెట్ల మీద నిలబడి, వీధి ఆ చివర ఎవరితోనో మాటల్లో పడిన నన్ను కేకేసి పిలిచి పని పురమాయించిన మనిషి. చెల్లెలి కలలోకి వెళ్ళిందట. ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ కలలోకి వెళ్ళి ఊరగాయ జాడీ తిరిగి ఇవ్వమని కూడా అడిగిందట. నా దగ్గరికి రావడానికి మాత్రం తీరిక దొరకలేదు. ఊరందరి కలల మీద పరిశోధన చేయించే గైడుకి సొంత కల ఒక్కటీ లేదంటే వినేవాళ్ళు నవ్వుతారు. అందుకే నేనెవరితోనూ అనలేదు.

నా పేరు నాగరాజ్. బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పాఠాలు చెబుతాను. రిటైరయ్యే లోపు నా దగ్గర పిహెచ్‌డి పూర్తి చేయవలసిన ఆఖరి పిల్ల అర్పిత. ఆనేకల్‌లో నేతవాళ్ళ ఇంటి అమ్మాయి. నేతవాళ్ళు పొద్దున్నే కలలు చెప్పుకునే పద్ధతి మీద సిద్ధాంతగ్రంథం రాసింది.

ఆ పద్ధతి ఇదీ. అర్పిత తాత సొన్నప్ప ఇంట్లో లేస్తూనే ఎవరూ కల సంగతి ఎత్తరు. పెద్దాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పోగుని అటూ ఇటూ మోసే నాడెని మొదటిసారి విసరాలి. ఆ చప్పుడు వినబడ్డాక ఎవరి కల వాళ్ళు పక్కనున్న ఒక్కరికే చెప్పాలి. చెప్పిన కల ఇక చెప్పినవాళ్ళది కాదు, విన్నవాళ్ళది. చెప్పినవాళ్ళు మరిచిపోతారు, తేలికపడతారు. విన్నవాళ్ళు దాన్ని దాచుకుంటారు. అర్పిత వీటన్నిటినీ పుస్తకంగా రాస్తానన్నప్పుడు సొన్నప్ప ఒక్క షరతు పెట్టాడు.

"రాసుకో తల్లీ. ఎవురి కలో మాత్రం చెప్పొద్దు. పేరు చెప్తే ఆ కల వాళ్ళని ఎతుక్కుంటా వాపస్ పోతాది."

గైడు అన్నవాడు పరిశోధన జరిగే చోటుకి ఒక్కసారైనా వెళ్ళి చూడాలి కాబట్టి నేనూ ఒకసారి ఆనేకల్ వెళ్ళాను. అప్పటికి పుష్పావతి పోయి కొన్ని నెలలే అయింది. నాకు నిద్ర లేదు. కన్ను మూతపడితే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఏం చూసి లేచానో గుర్తుండేది కాదు గానీ రెండు చేతులూ పిడికిళ్ళు బిగిసి ఉండేవి. తెల్లవారకముందే బస్సెక్కి అర్పితా నేనూ సొన్నప్ప ఇంటికి చేరాం. ఆయన నాడె విసిరాడు. ఆ టకటక వింటూ, చేతిలో కాఫీ గ్లాసుతో గోడకి జారబడి నేను నిద్రపోయాను. లేచేసరికి గ్లాసు ఎవరో తీసి పక్కన పెట్టారు. అర్పిత నా ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందమ్మా అంటే, మగ్గం దుమ్ము సార్ అంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం మొదలైంది. పిడికిళ్ళు విడిపోయాయి. సొన్నప్ప మగ్గం పుణ్యమనుకున్నాను, లాల్‌బాగ్‌లో నడక పుణ్యమనుకున్నాను. పుష్పావతి రాలేదన్న కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక వైవా సంగతికొస్తాను. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు అశోక్‌కుమార్ గారు. నెమ్మదైన మనిషి, మొహమాటం లేని మనిషి. గ్రంథం బాగుందనే రాశాడు. నాలుగో అధ్యాయం మీద మాత్రం అనుమానం పెట్టాడు. ఆ అనుమానం మౌఖిక పరీక్షలో తీరితే డిగ్రీ, తీరకపోతే ఆ అధ్యాయం తీసేసి మొత్తం మళ్ళీ రాసి తేవాలి. ఆనేకల్ కాలేజీలో అర్పితకి ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఈ నెలలో డిగ్రీ చేతికి రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అది.

మా విశ్వవిద్యాలయం నియమం ప్రకారం వైవాలో గైడు కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. పరీక్షకుడు తనంతట తాను అడిగితే తప్ప. పెళ్ళిలో పిల్ల తండ్రికి ఇంతకంటే ఎక్కువ మాట చెల్లుతుంది. ఈ నియమం నా కోసమే పెట్టారని మా శాఖలో వేళాకోళం ఆడతారు. అర్పిత గొంతు చిన్నది, మాటకీ మాటకీ మధ్య చాలా ఆలోచిస్తుంది. ఆ ఖాళీలో నేను దూరి దాని వాక్యం పూర్తి చేసేస్తాను. ముందురోజు ఫోన్ చేసి, మీరేమీ మాట్లాడకూడదంట సార్, నీళ్ళ బాటిల్ తెచ్చుకోండి, మాటొచ్చినప్పుడల్లా తాగండి అని నవ్వింది.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన. గది కిటికీ బయట చెట్టు కొమ్మలు తడిసి నల్లబడ్డాయి, ఆకుల మీంచి వచ్చిన వెలుతురు గోడ మీద పచ్చగా కదులుతోంది. ప్రొజెక్టర్ ఫ్యాను ఒకటే లయలో టకటకలాడుతోంది. నన్ను బీరువా పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. భోజనం అయిన వేళ, ఆ చప్పుడు, ఆ వెలుతురు. ఎక్కడో నీళ్ళ అడుగున కూర్చుని పైనున్నవాళ్ళ మాటలు వింటున్నట్టు ఉంది. అర్పిత మొదటి ప్రశ్నలకి తన పద్ధతిలో ఆగి ఆగి జవాబులు చెప్పింది. నేను నీళ్ళు తాగాను.

అశోక్‌కుమార్ గారు నాలుగో అధ్యాయం తెరిచి, ఈ కల మీదే మీ వాదనంతా నిలబడింది కదా, ఒకసారి అందరూ వినాలి అన్నాడు. గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"వీధంత పొడుగు చీర. ఆ చివర ఒకామె, ఈ చివర నేను. మూలలు పట్టుకుని మడత పెడతా ఉండాం. మడతకొకసారి ఆమె నా వైపు నడిచి వస్తుంది. ముఖం ఇంకా కనపడదు. మూల వదిలితే మళ్ళీ మొదుట్నుంచే, అంటుంది. మడతలు తగ్గిపోతా వస్తాయి. ఇంకొక్కటి. ఆమె వేళ్ళు నా వేళ్ళకి తగలబోతాయి. మెలకువ వస్తుంది."

ఈ పేరా నేను ఎన్నోసార్లు చదివాను. ఒకచోట కామా కూడా పెట్టాను. చెప్పినవారు నడివయసు దాటిన పురుషుడు అని మాత్రమే కింద ఉంటుంది. కళ్ళతో చదివినప్పుడు అది ఒక ఉదాహరణ. ఇంకొకరి గొంతులో చెవిన పడేసరికి తాగబోతున్న బాటిల్ దించేశాను. మూల వదిలితే మళ్ళీ మొదుట్నుంచే. మా మేడ మీద, ఉతికిన చీరలు ఆరాక, పరధ్యానంగా నిలబడిన నన్ను చూసి ప్రతి ఆదివారం పుష్పావతి అన్న మాట అది. ఆ చీర మా వీధిలోది. పిడికిళ్ళు బిగించి పట్టుకున్నది ఆ మూలల్నే.

వచ్చిందన్నమాట. రోజూ వచ్చింది. ఆనేకల్‌లో గోడకి జారబడి, సగం నిద్రలో, నేనే ఆ కల అర్పితకి చెప్పి, ఆమెని దాని చేతిలో పెట్టి మరిచిపోయాను. నాకు ఏడుపు వచ్చింది. నియమంలో దాని గురించి ఏమీ రాయలేదు గానీ ఆపుకున్నాను.

అశోక్‌కుమార్ గారు పుస్తకం మూశాడు. ఈ కల మరీ కుదురుగా ఉందమ్మా, అన్నాడు. కల ఇంత చక్కగా మొదలై ఇంత చక్కగా తెగిపోదు. ఇది ఎవరో కూర్చుని రాసినట్టుంది. మిమ్మల్ని అవమానించాలని కాదు, కానీ చెప్పిన మనిషి ఎవరో ఈ నాలుగు గోడల మధ్య ఒక్కసారి చెప్పండి. రహస్యంగానే ఉంచుతాం. చెప్పలేకపోతే అధ్యాయం నేను ఒప్పుకోలేను.

అర్పిత తన పద్ధతిలో ఆలోచిస్తోంది. ఆ ఖాళీ నాకు అలవాటే. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. అశోక్‌కుమార్ గారు వేలు కొద్దిగా ఎత్తాడు. మూసుకున్నాను. ఆ పేరు ఒక్కటి చెబితే దాని డిగ్రీ దానికి వస్తుందనుకుంటున్నాడు ఆయన. నిజానికి ఆ పేరు నాదని తెలిస్తే గొడవ ఇంకా పెద్దదవుతుంది. గైడే సమాచారం ఇచ్చినవాడైతే, ఆ మాట ఎక్కడా చెప్పకుండా దాస్తే, గ్రంథం మొత్తం పక్కన పెట్టేస్తారు. ఆ సంగతి అర్పితకీ తెలుసు. కానీ అది ఆలోచిస్తున్నది గ్రంథం గురించి కాదని ఆ తర్వాత అర్థమైంది.

"చెప్పినాయన దాన్ని మరిచిపోయి ఉండాడు సార్," అంది. "దానికి ముందర ఆయనకి నిద్ర లేదు. ఇప్పుడు బాగా నిద్రపోతా ఉండాడు. నేను పేరు చెప్తే ఆ కల ఆయన దగ్గరికి వాపస్ పోతాది. మీరు ఆ మాట నమ్మల్లని నేను అడగను. మా తాత నమ్ముతాడు, నేను ఆయనకి మాటిచ్చినాను. అధ్యాయం వొద్దంటే తీసేస్తాను. ఒకరి నిద్ర చెరిపి నాకు డిగ్రీ వొద్దు సార్."

ఇంత పొడుగు మాట అది నా ఎదుట ఎప్పుడూ పూర్తి చేయలేదు. నేను చేయనిస్తే కదా. ఇన్నేళ్ళూ దాని వాక్యాలకి నేను తోకలు తగిలిస్తుంటే, అది నా నిద్రకి కాపలా కూర్చుంది.

ప్రొజెక్టర్ టకటక వినబడుతూనే ఉంది. అశోక్‌కుమార్ గారు కుర్చీ నా వైపు తిప్పాడు. గైడుని నేనిప్పుడు అడుగుతున్నాను, అన్నాడు. ఈ కల నిజంగా ఎవరైనా చెప్పిందేనా? మీకు తెలిస్తే చెప్పండి.

అర్పిత నా వైపు చూసింది. దాని ముఖంలో భయం. తనకేమవుతుందోనన్న భయం కాదు. నాకు తెలిసిపోయిందేమోనని. తెలియదంటే అబద్ధం. నాదే అంటే అది ఇన్నాళ్ళు దాచిందంతా పోతుంది. గైడుకి ఇచ్చిన కుర్చీ అంత ఇరుకైనదని నాకు అంతవరకు తెలియదు. లేచి నిలబడ్డాను.

"చెప్పిందే సార్, రాసింది కాదు," అన్నాను. "ఆ పొద్దు ఆ మగ్గం పక్కన నేనూ ఉంటిని. ఇంక చెప్పినాయన సంగతంటారా, ఇంత కుదురుగా కల్పించే తెలివి వానికి లేదు. దానికి నేను పూచీ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా కళ్ళలో ఏం కనబడిందో నాకు తెలియదు. అర్థమైందనుకుంటాను. అర్థమైనా అడగని మర్యాద ఆయనకుంది. పేర్లు ఎందుకు చెప్పకూడదో ఇప్పుడు ఈ అమ్మాయి చెప్పిన మాటలే ఒక పేజీగా రాసి అధ్యాయం మొదట్లో పెట్టమన్నాడు. అది చాలన్నాడు. నివేదిక మీద సంతకం చేసి నా వైపు తోశాడు. పరీక్షించినవారి వరుస కింద, గైడు అన్నచోట, నేనూ చేశాను.

బయట వరండాలో వాన తుంపర పడుతోంది. లోపల అందరూ కాఫీలు తాగుతున్నారు. అర్పిత గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డిగ్రీ వచ్చిన పిల్ల ముఖం కాదు అది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకేమీ తెలియనట్టే ఉండాలని గట్టిగా అనుకుని వెళ్ళాను.

ఆ చీర కల నీకొస్తుంటుందా అని అడిగాను. అప్పుడప్పుడు వస్తుందంది. ఆమె దగ్గరిదాకా వచ్చి ఆగిపోతుందా అని అడిగాను.

"లేదు సార్. నాకు వచ్చినప్పుడు మూలలు కలుస్తాయి."

అడక్కుండా ఉండలేకపోయాను.

"కలిసినాక?"

"మడత నా చేతిలో పెడతాది. నువ్వే పెట్టుకో తల్లీ, ఆయనకి మూల పట్టుకునేది ఎప్పుడూ చేతకాదు, అంటాది." అర్పిత తల వంచుకుంది. "నవ్వుతానే అంటాది సార్."

అర్పిత పుష్పావతిని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట అనగల మనిషి లోకంలో ఒక్కతే ఉండేది. మూడేళ్ళుగా పోగేసుకున్న కోపం ఏమైందో, ఆ వరండాలో వెతికినా దొరకలేదు. చేతులు చూసుకున్నాను. తెరిచే ఉన్నాయి.

"మళ్ళీ వస్తే ఒక మాట చెప్పమ్మా," అన్నాను.

"ఏం చెప్పల్ల సార్?"

"నాగరాజు బాగా నిద్రపోతా ఉండాడని చెప్పు."