తుకుమెక్ పళ్ళు

తుకుమెక్ పళ్ళు చూసే ఆ పిల్లను కోడలిగా తెచ్చుకున్నానని ఆమె అత్త పాడ్లక్ ఊరంతా చెప్పుకునేది. అందులో ఎగతాళి కొంత, నిజం చాలా ఉంది. గ్రీన్‌లాండ్ ఉత్తరపు కొసన, సముద్రం ఏడాదిలో తొమ్మిది నెలలు గడ్డకట్టి ఉండే మా ఊళ్ళో, మగవాడి ప్రాణం అతని సీల్ తోలు బూట్లలో ఉంటుంది. మంచులో తడిసిన బూటు పొయ్యి పైన ఆరేసరికి చెక్కలా బిగుసుకుపోతుంది. పొద్దున్నే ఇంటి ఆడమనిషి దాన్ని నోట పెట్టుకుని, అడుగు అంచు వెంబడి కొద్దికొద్దిగా నమిలి మెత్తబరచాలి. లేకపోతే కాలు ఒరుసుకుపోయి, వేళ్ళు చలికి నల్లబడి రాలిపోతాయి. పెళ్ళయిన ఆరేళ్ళలో తుకుమెక్ మొగుడు ఉసార్కాక్ ఒక్క వేలు కూడా పోగొట్టుకోలేదు. అది భార్య చలవేనని నలుగురిలో ఒప్పుకున్న పాపాన పోలేదనుకోండి. "బూటు నోట్లో ఉన్నంతసేపైనా నన్ను తిట్టదు కదా" అనేవాడు.

ఆ ఏడు చలికాలం నడుమ, సూర్యుడు ఇంకా తిరిగి రాకముందే, ఒక యుద్ధవిమానం సముద్రపు మంచు మీద కూలి తగలబడింది. మా ఊరికి ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న పరాయి సైన్యం బేసులో దిగబోయిన విమానమట. అంత మేరా మంచు నల్లబడింది. మా వేటగాళ్ళను కుక్కల బళ్ళతో సహా పనికి పిలిచారు. మనుషులను అక్కడికి చేరవేయాలి, విమానం ముక్కలు ఏరాలి, నల్ల మంచును తవ్వి పీపాల్లో నింపాలి. "ప్రమాదం ఏమీ లేదు" అన్నారు బేసు పెద్దలు. అదే మాట మూడుసార్లు అన్నారు. అడగకుండానే మూడుసార్లు చెప్పిన మాటను నమ్మకూడదని ఇప్పుడు మాకు తెలుసు.

పని ముగిశాక రోజూ ఒక తంతు ఉండేది. చీపుళ్ళతో ఒకరి బట్టల మీది మంచు ఒకరు దులుపుకోవాలి. తర్వాత థోర్వల్ అనే డేనిష్ వడ్రంగి ఒక పెట్టె పట్టుకొచ్చి అందరి ఒంటి మీదుగా తిప్పేవాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు. మా భాష వచ్చినవాడు కాబట్టి అతనికి ఆ పని అప్పజెప్పారు. పెట్టె టకటకా కొట్టుకుంటే మళ్ళీ దులుపుకోమనేవాడు. ఎందుకని అడిగితే మాట తప్పించి, కుక్కల గురించి ఏదో అడిగేవాడు. పనిచోటుకని రబ్బరు బూట్లిచ్చారు గాని, వాటిలో పూట గడవకముందే కాళ్ళు కొయ్యబారిపోతే మావాళ్ళు విసిరికొట్టి, మళ్ళీ తమ బూట్లే తొడుక్కున్నారు.

మార్చిలో ఒక ఆదివారం ఉసార్కాక్ ఆ థోర్వల్‌ను ఇంటికి చుట్టంగా తీసుకొచ్చాడు. రాత్రి పడుకుని, పొద్దున్నే పాడ్లక్‌తో కలిసి ముగ్గురూ కాఫీకి కూర్చున్నారు. కిటికీలోంచి కొత్త ఎండ పడుతోంది. తుకుమెక్‌కు ఆరో నెల. పొయ్యి పైనుంచి మొగుడి బూటు దించి, గోడకు జేరబడి, నమలడం మొదలుపెట్టింది. నోట్లోకి వచ్చిన పొట్టును మధ్యమధ్యలో పక్కనున్న డబ్బాలో ఉమ్ముతోంది.

"అక్క ఏం చేస్తోంది?" అన్నాడు థోర్వల్.

"బూటు మెత్తబరుస్తోంది" అంది పాడ్లక్. "మీ ఆడవాళ్ళు చెయ్యరా? మరెందుకయ్యా పెళ్ళాడతారు?"

"రోజూ చేస్తుందా?"

"వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా. నడిచేది వాడు, నమిలేది ఇది."

థోర్వల్ చేతిలో కప్పు ఒరిగి కాఫీ మోకాలి మీద ఒలికింది. లేచి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

"పాపం, మా వాడి కాళ్ళ కంపు ఇప్పుడు తగిలినట్టుంది" అంది పాడ్లక్. ఉసార్కాక్ పడీపడీ నవ్వాడు. తుకుమెక్‌కు మాత్రం రోషం వచ్చింది. తను చేసే పని చూసి ఇంతవరకు ఎవరూ అసహ్యించుకోలేదు.

కాసేపటికి అతను లోపలికి వచ్చి, నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి బూటు పట్టుకున్నాడు.

"ఇది నాకివ్వక్కా. ఎంతంటే అంతిస్తాను."

"నీ కాలికి పట్టదు. వదులు."

"పట్టకపోయినా ఫరవాలేదు. ఇచ్చెయ్యి."

"నా మొగుడు రేపు కాలికి నీ టోపీ తొడుక్కుని వెళ్ళాలా? వదులుతావా లేదా?"

ఇద్దరూ చెరో వైపు లాగారు. ఆమెదే బలమైన చెయ్యి. అతను నేల మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు. అప్పుడు ఆ ఇంట్లో నవ్వు ఆగిపోయింది.

"నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాను" అన్నాడు. "చూసింది బయట చెబితే ఉద్యోగం పోతుంది, జైల్లో కూడా పెడతారు. ఆ విమానంలో బాంబులున్నాయక్కా. మామూలువి కాదు, ఒక్కటి చాలు పట్నం మొత్తం బూడిదవడానికి. అవి పేలలేదు, మన అదృష్టం. పగిలిపోయాయి. వాటి లోపలి విషం దుమ్మై మంచులో కలిసింది. కంటికి కనబడదు, వాసన ఉండదు. ఒంట్లోకి పోతే మాత్రం బయటికి రాదు. అది ఉందని చెప్పేదే నా పెట్టె."

"నా బూట్ల మీద కొట్టుకుంది" అన్నాడు ఉసార్కాక్ నెమ్మదిగా.

"చాలాసార్లు కొట్టుకుంది. పైవాళ్ళకు చెప్పాను. రెండుసార్లు దులిపించి సున్నా అని రాయమన్నారు. రాశాను. కాళ్ళ మీద ఉండేదే కదా, తోలు దాటి లోపలికి పోదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. బూటు నోట్లోకి పోతుందని నాకు తెలియదక్కా. ఒట్టు, తెలియదు."

తుకుమెక్ చేతిలోంచి బూటు జారిపోయింది. ఒక చెయ్యి పొట్ట మీదికి, ఒక చెయ్యి నోటి మీదికి వెళ్ళాయి. "ఐదు వారాలుగా నములుతున్నాను" అంది. "నా బిడ్డకేమవుతుంది?"

"తెలియదు. తెలిసినవాళ్ళెవరూ చెప్పరు. చెబుదామనుకున్న నాకు అంతకు మించి తెలియదు. ఇక మీద మాత్రం నోట పెట్టకు."

పాడ్లక్ అతన్ని తిట్టలేదు. దూరపు మంచుకొండ నుంచి తెచ్చిన మంచు కరిగించి, కోడలి చేత పదిసార్లు పుక్కిలింపించింది. బూట్లనూ, ఆ ఉమ్మిన డబ్బానూ పాత తోలు సంచిలో చుట్టి థోర్వల్ తన వెంట తీసుకుపోయాడు, నల్ల మంచు పీపాల్లో వేయడానికి.

అతని బండి కనుమరుగు కాకముందే తుకుమెక్ ఇల్లిల్లూ తిరిగింది. ఏడిళ్ళు. ఒక ఇంట్లో బూటు అప్పటికే ఒకావిడ పళ్ళ మధ్య ఉంది. తుకుమెక్ దాన్ని లాగి పారేసింది. ఆవిడ కొట్టడానికి చెయ్యెత్తి, విషయం విన్నాక ఆ చెయ్యి అలాగే దించేసింది.

మంగళవారం మా మగవాళ్ళు పనిచోట వరసగా నిలబడ్డారు. పనికి వేరే బూట్లు కావాలి, సీల్ తోలువే కావాలి, అవి ఇక్కడే ఉండాలి, వాటితో ఎవరూ ఇంటికి పోరు. బేసు అధికారి ముఖం కందగడ్డలా అయింది. ఇదంతా మీకెవరు చెప్పారని అడిగాడు.

"మా ఆవిడ" అన్నాడు ఉసార్కాక్.

"మీ ఆవిడకెవరు చెప్పారు?"

"అది నాకేమీ చెప్పదండి, తిడుతుందంతే."

పక్కవాడూ అదే చెప్పాడు, ఆ పక్కవాడూ అదే. పెళ్ళికాని ముసలి వేటగాడు కూడా "మా ఆవిడ" అన్నాడు. అధికారి అందరినీ పనిలోంచి తీసేస్తాననేసరికి థోర్వల్ ముందుకొచ్చి, "నేనే చెప్పాను" అన్నాడు.

బూట్లు వచ్చాయి. థోర్వల్‌ను మాత్రం ఆ వారాంతపు విమానంలో పంపేస్తామన్నారు. ఆ కబురు తెచ్చిన బండివాడితోనే తుకుమెక్ ఒక కొత్త జత పంపింది. ఉసార్కాక్ కోసం శీతాకాలమంతా కుట్టినది. "శుభ్రమైన తోలేనని చెప్పు. నేనే నమిలి మెత్తబరిచానని చెప్పు." అంతకంటే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. జత అతనికి అందిందో లేదో కూడా తెలియలేదు.

జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. కాళ్ళూ చేతులూ, ఏడుపూ అన్నీ సక్రమంగా ఉన్నాయి. మా వాళ్ళలో పోయినవారి పేరు తర్వాత పుట్టిన బిడ్డకు పెడతారు. ఆడా మగా తేడా లేదు. పేరుతోబాటు మనిషీ వస్తాడు, వరసా వస్తుంది. పోయిన మామగారి పేరు అవతాక్ అని పిల్లకు పెట్టారు. పాడ్లక్ ఆ పిల్లను "ఏమండోయ్" అని పిలిచి, "అప్పుడు ఇల్లు పట్టకుండా తిరిగారు, ఇప్పుడు కదలండి చూస్తాను" అని దెప్పేది.

ఆ పిల్ల నవ్వినప్పుడల్లా తుకుమెక్‌కు థోర్వల్ గుర్తొచ్చేవాడు. అతనికి ఒక్క మాట చెప్పాలని ఉండేది. బేసులో విచారిస్తే అలాంటి పేరుగల మనిషే ఇక్కడ పనిచేయలేదన్నారు. ఉసార్కాక్ నలభై తొమ్మిదో ఏట ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు అతని కొలతల కాగితాలు అడిగింది. మొదట లేవన్నారు, తర్వాత ఉన్నా చూపకూడదన్నారు, చివరికి అన్నీ సున్నాలేనన్నారు. ఆమెకు కోపం రాలేదని కాదు, ఈనాటికీ ఉంది. అయినా బతికి ఉన్న కూతురు ఎదురుగా తిరుగుతుంటే, కోపం కంటే ముందు ఆ నేల మీద కూలబడ్డ మనిషే మనసులో మెదిలేవాడు.

విమానం కూలి ముప్పై ఏళ్ళు గడిచాక, ఒక శరదృతువులో, చర్చి పాస్టరు ఒక పార్సిలు తెచ్చిచ్చాడు. లోపల ఉత్తరం ఉంది. పాస్టరే చదివి వినిపించాడు.

"నేను థోర్వల్ కూతుర్ని. నాన్న పోయిన నెల చనిపోయారు. మా ఇంట్లో గోడకు ఒక జత సీల్ తోలు బూట్లు ఉండేవి. ఎవరిచ్చారంటే అక్క ఇచ్చిందనేవారు. మా నాన్నకు అక్కలు లేరు. బేసు ఉద్యోగం ఎందుకు పోయిందో అమ్మకు కూడా చెప్పలేదు. సంతకం పెట్టాను, ఒకసారి మాట తప్పాను, అది చాలు అనేవారు. ఒక బూటులో మీ పేరు, మీ ఊరి పేరు రాసిన చీటీ, ఆయన సొంతంగా రాసుకున్న ఈ చిన్న పుస్తకం దొరికాయి. మీరెవరో, ఆయన ఏం చేశారో నాకు చెబుతారా?"

పుస్తకంలో ఆ ఐదు వారాల లెక్క ఉంది. రోజు, మనిషి, పెట్టె చూపిన అంకె. ఉసార్కాక్ పేరు ఎదురుగా ఎక్కడా సున్నా లేదు. తుకుమెక్ ఆ పేరు మీద వేలు పెట్టింది. తర్వాత, "రాయండి పాస్టరు గారూ" అని మొదలుపెట్టి, పొద్దున కాఫీ ఒలికిన దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యేసరికి పొయ్యి ఆరిపోయింది. "నాలుగు పేజీలైంది. ఇంకేమైనా ఉందా?" అన్నాడు పాస్టరు.

"ఉంది. అది ఆమెకు చెప్పేది కాదు, అతనికి చెప్పాల్సింది."

పన్నెండు రోజులకు అవతాక్‌కు కొడుకు పుట్టాడు. పురుడు పోసినావిడ వాణ్ణి ఉన్ని గుడ్డలో చుట్టి ఇస్తూ, ఏం పేరని అడిగింది. అవతాక్ తల్లి ముఖంలోకి చూసింది. ఎవరూ మరో పేరు ఎత్తలేదు.

ఆ మర్నాడు తుకుమెక్ కిటికీ దగ్గర ఎండలో కూర్చుని, బొటనవేలంత బూట్లు రెండు నోట పెట్టుకుంది. యాభై ఆరేళ్ళకు పళ్ళు అరిగాయి గాని అన్నీ ఉన్నాయి. కుట్టు వెంబడి ఓపిగ్గా నమిలి, చేత్తో నొక్కి చూసి, మళ్ళీ నమిలింది. కూతురి ఒళ్ళో ఉన్న మనవడి పాదాలకు తొడిగింది. వాడు కాళ్ళు ఝాడించాడు.

"తమ్ముడూ" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "తమ్ముడూ, నీ కోసం ఎంత వెతికానయ్యా. నా బిడ్డను నిలబెట్టావు. ఇదిగో, ఆ బిడ్డ ఒళ్ళోనే పడుకున్నావు చూడు."

వాడు ఆవలించాడు.

"బూట్లు బిగుతుగా ఉంటే చెప్పు" అంది తుకుమెక్. "ఇంకా నమలగలను."