గుమ్మడికాయ సగమే చెప్పింది

పొద్దున ఏడింటికి క్యాంటీన్ తలుపు తీయగానే వంటావిడ చేసే మొదటి పని కిటికీలు బార్లా తెరవడం. రెండోది పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టడం. అది గడియారాల ఫ్యాక్టరీ. అరవై మంది తింటారు. సెకను ముల్లు బిగించే చేతులు కదా, ప్లేటు ఒక్క నిమిషం ఆలస్యమైతే చాలు, మొహాలు గంటు పెట్టుకుంటారు.

గురువారం రాటటూయి, ఫ్రెంచివాళ్ళ కూర. పేరు పెద్దదే గానీ లోపల ఉండేది వంకాయ, క్యాప్సికం, జుకినీ, ఉల్లిపాయ, టమాటా, అంతే. కిటుకంతా దేనికది విడిగా వేయించడంలో ఉంది. వంకాయ నూనె తాగుతుంది, క్యాప్సికం తోలు మాడాలి, జుకినీ నీళ్ళు వదులుతుంది. అన్నీ ఒకేసారి పడేస్తే వచ్చేది కుడితి.

గుమ్మడి జాతిని విడిగా వేయించడానికి ఇంకో కారణం కూడా ఉంది. కాగే నూనెలో పడగానే అది విన్నదంతా చెప్పేస్తుంది; మిగతావాటితో కలిపి వేస్తే ఆ గోలలో ఒక్క మాటా తెలీదు. జుకినీ కూడా ఆ జాతే గానీ దానితో గొడవ లేదు. పల్చటి తోలు, పొద్దున విన్నది సాయంత్రానికి మర్చిపోతుంది. మహా అయితే నాలుగు బేరాలు, లారీ డ్రైవరు కూనిరాగం ఒకటి. గట్టి తోలు గుమ్మడికాయ అలా కాదు, నెలల తరబడి దాచుకుంటుంది. ఇంగితం ఉన్నవాళ్ళు అది ఉన్న గదిలో నోరు జారరు. అది మాట్లాడేటప్పుడు పక్కవాళ్ళు ఆ మాటలు చెవిన పడకుండా పంపు తిప్పి గిన్నెలు తోముకుంటారు, మర్యాదకి.

గిన్నెలు తోమే ఆవిడని మాత్రం గుమ్మడికాయలుండే స్టోర్ రూంలోకి రానివ్వరు. ఆవిణ్ణి అందరూ గలగల అంటారు. ఒకసారి తన ఇంట్లో కాసిన గుమ్మడికాయ తెస్తే, అది నూనెలో ముప్పావుగంట నోరు మూయలేదు.

ఆ గురువారం వంటావిడకి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. పన్నెండింటికి మేనేజరు స్వయంగా వచ్చి రుచి చూస్తానన్నాడు. నెల రోజుల్లో మూడుసార్లు ఉప్పుకషాయం అని ఫిర్యాదు వెళ్ళింది. నాలుగోది వెళ్తే పొయ్యి వదిలి ఇంటికి పోవాల్సిందే. పంతొమ్మిదేళ్ళ పొయ్యి.

ఉప్పెలా ఎక్కువవుతోందో ఆమెకి అంతుపట్టలేదు. అసలు సంగతి ఒకటుంది. చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కులో వాసనా, నాలుక మీద రుచీ పట్టుకుపోయింది. అప్పట్నుంచి ఆమె చెవితో వండుతోంది. చిటపట తగ్గితే తిప్పడం, ఆగితే తీయడం. ఉప్పు ఒక్కటే చెవికి దొరకదు. అది తోడికోడలు చూసి చెప్తుంది. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటారు. కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పి, తోడికోడల్ని క్యాంటీన్లో పెట్టించింది వంటావిడే. జ్వరం సంగతి ఆ ఒక్క మనిషికే చెప్పుకుంది.

ఆ రోజు జుకినీ రాలేదు. "సీజన్ అయిపోయిందమ్మా, ఇక మళ్ళీ ఎండాకాలంలోనే," అన్నాడు కూరగాయలవాడు. తోడికోడలు రొట్టెలు తేవడానికి బేకరీకి వెళ్ళింది. వంటావిడ స్టోర్ రూంలో ఫోను పక్క అర మీద డబ్బాల చాటున నెలన్నరగా మగ్గుతున్న గుమ్మడికాయని తెచ్చి రెండు చెక్కలు చేసింది. బాగా పెద్ద కాయ, ఒక చెక్క సరిపోయింది.

ముక్కలు నూనెలో పడ్డాయి. ముందు డబ్బాలు జరిపిన చప్పుడు. తర్వాత గడియ పెట్టిన చప్పుడు. తర్వాత తోడికోడలి గొంతు, ఫోన్లో వాళ్ళమ్మతో.

"లేదమ్మా, నేనేం చెయ్యక్కర్లేదు. ఉప్పు చూడవే అంటుంది, చాల్లేదంటాను. గుప్పెడు వేస్తుంది. ఇప్పుడో అంటుంది, ఇంకాస్త అంటాను. ఆవిడకి మట్టికీ మిఠాయికీ తేడా తెలీదు. ఎవరికి చెప్పుకుంటుంది, చెప్తే పనే పోతుందిగా. నాలుగు ఫిర్యాదులు పడితే పొయ్యి నాదే. అనుమానమా? నా మీదా?" నవ్వింది. "నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఒక్కటి మాత్రం చెప్తానమ్మా, అక్క..."

ముక్కలు ఎర్రబడ్డాయి. చిటపట ఆగిపోయింది. మిగతా మాట రెండో చెక్కలో ఉంది.

వంటావిడ కత్తి ఎత్తింది. చెక్క మీద ఆనించింది కూడా. అక్క ఏంటి? అక్క పాపమా? అక్క పిచ్చిదా? అక్క ఎప్పుడు చస్తుందా? కత్తి కడిగి పెట్టేసి, చెక్కని పాత పేపర్లో చుట్టింది.

పంపు కట్టేసి గలగల అడిగింది. "ఏమంటుందమ్మా గుమ్మడికాయ?"

"ఏముంది, లారీ పాటలు."

"పాటలు విన్న మొహమా అది? శవం లేచిన ఇల్లులా ఉంది."

"నీ గిన్నెలు నువ్వు చూసుకో."

పదకొండున్నరకి కూరలన్నీ టమాటా గుజ్జులో కలిసి ఎర్రగా మగ్గుతున్నాయి. ఏ ముక్క ఏదో గుర్తుపట్టడం కష్టం. తోడికోడలు రొట్టెల బుట్ట దించి నడుం పట్టుకుంది.

"అబ్బ, ఆ బేకరీవాడి నత్తనడకా వాడూ. అక్కా, అయిపోయిందా?"

వంటావిడ గరిటెతో కొంచెం తీసి చాపింది. "ఉప్పు చూడవే."

ఈ ఒక్కసారి నిజం చెప్పు, నేనేం వినలేదనుకుంటాను అనుకుంది లోపల.

తోడికోడలు ఊదుకుని, నాలుక చప్పరించి, ఆలోచించినట్టు కళ్ళు మూసింది. "చాల్లేదక్కా. ఇంకో గుప్పెడు పడాలి."

వంటావిడ ఉప్పు డబ్బాకి మూత పెట్టింది.

"గలగలా, ఇలా రా. నువ్వు చూడు."

"నేనా? నేను అంట్లు తోముకునేదాన్ని, నాకేం తెలుసు?"

"నీ కడుపులో మాట ఆగదు. అందుకే. చూడు."

గలగల చేతులు కొంగుకి తుడుచుకుని నోట్లో వేసుకుంది. "సరిపోయింది. సరిగ్గా సరిపోయింది. ఇంకో పలుకు పడితే పాడైపోద్ది. ఎవరే చాల్లేదన్నది? అది నాలుకా, చెప్పుల అట్టా?"

తోడికోడలు వినడం లేదు. ఆమె చూపు చెత్తబుట్టలో గట్టి తోలు చెక్కుల మీద పడింది.

"జుకినీ వెయ్యలేదా అక్కా?"

"రాలేదు. ఫోను పక్కన ఉందే, ఆ గుమ్మడికాయ వేశాను."

"అన్నీ కలిపే వేసేశావు కదా?"

"పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడైనా అలా వేశానా?"

తోడికోడలు రొట్టెలు కొయ్యడం మొదలుపెట్టింది. కోసినవే మళ్ళీ కోసింది.

మేనేజరు పన్నెండింటికి వచ్చాడు. నిలబడే ఒక చెంచా తిన్నాడు. తర్వాత కూర్చుని ప్లేటంతా తిన్నాడు. రొట్టెతో ప్లేటు తుడుస్తూ, "ఉప్పు బాగానే ఉందిగా, మరి ఆ ఫిర్యాదులేంటి?" అన్నాడు.

తోడికోడలి కత్తి ఆగింది.

"నాకు రుచి తెలీదండి," అంది వంటావిడ. "చలికాలం జ్వరం నుంచీ లేదు. వాసనా లేదు. తీసేస్తే తీసెయ్యండి."

"మరి ఇదెలా వండావు?"

"చెవితో."

"ఉప్పు?"

"ఇవాళ గలగల చూసింది."

"మొన్నటిదాకా?"

వంటావిడ తోడికోడలి వంక చూడలేదు. "మొన్నటిదాకా చూసినావిడకి నోరు బాగోలేదండి."

మేనేజరు ఇద్దర్నీ ఒకసారి చూశాడు. ఇంకో రొట్టె ముక్క తీసుకున్నాడు. "రేపట్నుంచి కూడా గలగలనే చూడమను," అని లేచి వెళ్ళిపోయాడు. అప్పుడే సైరన్ మోగింది.

నాలుగింటికి ఇద్దరూ చెప్పులు వేసుకుంటుంటే వంటావిడ పేపర్లో చుట్టిన చెక్కని తోడికోడలి చేతిలో పెట్టింది.

"ఇంట్లో వండుకో. విడిగా వేయించు."

తోడికోడలు పేపరు మడత తీసి లోపలికి చూసింది. "ఎంత చెప్పింది?" అంది.

"సగం."

"మిగతా సగం?"

"నీ చేతిలో ఉంది."

"వినలేదా?"

"నువ్వు అన్న మాట. నువ్వే విను."

"అక్కా..."

"ఆ మాట దగ్గరే ఆగింది అది కూడా," అని వంటావిడ నడుచుకుంటూ పోయింది. తోడికోడలి కోసం ఆగకుండా ఇంటికి పోవడం అదే మొదలు.

సోమవారం నుంచి తోడికోడలు ప్యాకింగ్ సెక్షన్లో చేరింది, ఎవరూ పొమ్మనకుండానే. క్యాంటీన్లో గలగల గరిటె నాకి, "తక్కువైంది, నీ మాటల్లాగే" అంటోంది. వంటావిడ చిటికెడు వేస్తోంది. గుప్పెళ్ళు లేవు.

కోసిన గుమ్మడికాయ వారం కంటే ఆగదు. ఆరో రోజు సాయంత్రం వంటావిడ తన వాటాలో గిన్నెలు తోమి బోర్లిస్తుంటే, గోడవతల మూకుడు పెట్టిన చప్పుడైంది. నూనె కాగింది. ఆ చెవికి తెలియని చప్పుడు కాదు. తర్వాత ముక్కలు పడ్డాయి.

వంటావిడ పంపు పూర్తిగా తిప్పి, బోర్లించిన గిన్నెలన్నీ తీసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.