మార్చి సంతకం

1979 మార్చి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: వరంగల్‌లో ఒక మిర్చి దుకాణం, మొగుడి దెబ్బలు పడలేక ఏడాది కింద నా ఇంటికి వచ్చిన చెల్లెలు కళావతి, ఆమె పద్దెనిమిది తులాల నగల జాబితా. నగలు మాత్రం మొగుడు రాంచందర్ బీరువాలోనే ఉన్నాయి. విడాకులు ఇవ్వనని భీష్మించుకున్నాడు.

"ఇద్దరూ కలిసి అర్జీ పెడితే ఆరు నెలలు. లేకుంటే ఏండ్లు," అన్నాడు వకీలు రాజేశ్వర్ రావు. "ఆమె పేరు మీదున్న కాగితాలన్నీ తెండి."

కళావతి ఒక బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చింది.

"పన్ను తక్కువ పడ్తదని రెండో దుకాణం నా పేరు మీద పెట్టిండు అన్నా. లైసెన్సు గూడ నాదే. దాన్ని మళ్ల ఏడాదికి పొడిగించెతందుకు ఏటా మార్చిల సంతకం తీసుకుంటడు."

నేను లేచి నిలబడ్డాను. మా బజారులో సగం మంది చేసే పనే ఇది. పెండ్లాం సంతకం ఎక్కడికీ పోదని ధీమా!

"వాడే వస్తడు. నువ్వు తయారుగుండు," అన్నాను.

ఆమె బ్యాంకుకు పోయి, తను ముందే సంతకాలు పెట్టి వాడికిచ్చిన పాత చెక్కులు చెల్లవని ఉత్తరం ఇచ్చింది. పొద్దున్నే నాతో మార్కెట్‌కు వచ్చి మిర్చి విరిచి నాణ్యం చూడటం నేర్చుకుంది.

ఇరవై ఎనిమిదో తారీఖున రాంచందర్ లైసెన్సు ఫారం పట్టుకుని ఉరికొచ్చాడు.

"జర సంతకం పెట్టు కళావతీ. రెండు వందల బస్తాలు ఆగిపోతయి."

"పెడ్త. సరుకు నీది, అమ్ముకో. దుకాణం, నగలు నాయి. నగలు ఇయ్యాలనే తేవాలె. రేపు వకీలు దగ్గర అర్జీ మీద నువ్వు సంతకం పెట్టాలె."

"బావా, నీ చెల్లె బేరం నేర్చింది!"

"ఐదేండ్లు నీ ఇంట్లనే ఉన్నది గద," అన్నాను.

సాయంత్రానికి నగలు వచ్చాయి. తూకం సరిపోయాకే ఆమె ఫారం మీద సంతకం పెట్టింది. మర్నాడు వాడు అర్జీ మీద పెట్టాడు.

"ఆరు నెలల్ల మాట మారిస్తే?" అని నేను గొణిగాను.

"సరుకు పైసలు పడేది నా ఖాతాలనే. తీర్పు వచ్చినంకనే చెక్కు రాస్త," అంది కళావతి. నాకు ఈల వేయాలనిపించింది.

అక్టోబర్‌లో తీర్పు వచ్చింది. కోర్టు వరండాలోనే పైసా తగ్గకుండా చెక్కు రాసిచ్చింది.

రాబడి: తీర్పు కాగితం ఒకటి, దుకాణం ఒకటి, పద్దెనిమిది తులాలు. ఫిబ్రవరిలో కొత్త మిర్చి దిగిన తొలిరోజు, వేలంలో నేను పాడిన కుప్ప మీద రెండు రూపాయలు పెంచి ఎగరేసుకుపోయింది నా చెల్లెలు. ఆ పోటీని కూడా రాబడి కిందే రాసుకున్నాను.