ఖాళీ గది చప్పుడు

మావయ్య ఫోను చేసేసరికి ఆమె ఉడుతగా ఉంది.

పిల్లల కార్టూనులో గింజ పోగొట్టుకున్న ఉడుత ఏడవాలి. అదీ చూసేవాళ్ళకి నవ్వొచ్చేలా ఏడవాలి. డబ్బింగు గదిలో మైకు ముందు నిలబడి, ముక్కు నొక్కి పట్టుకుని ఆమె ఏడుస్తుంటే, అద్దం అవతల డైలాగులు రాసే అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. టేకు బాగా వచ్చిందన్నమాట. ఆమె బయటికి వచ్చి ఫోను తీసింది.

“అమ్మడూ, అతగాడు పాత టేకులన్నీ తవ్వి బయటికి తీశాడే. ఆల్బం వేస్తున్నారట. ఒకసారి వచ్చి విను.”

“నేను వినకపోతే ఆగిపోతుందా మావయ్యా?”

“ఆగదు. అందుకే రమ్మంటున్నా.”

మావయ్య వరసకి మావయ్య కాదు, అమ్మకి సొంత తమ్ముడు. సౌండు ఇంజనీరు. ‘ఎదురింటివాళ్ళు’ చేసిన పాటలన్నీ ఆయన గదిలోనే రికార్డయ్యాయి. ఎదురింటివాళ్ళంటే ఆమె, టేపు. ఇద్దరూ ఒకే మెట్ల దగ్గర ఎదురెదురు వాటాల్లో పెరిగారు. చిన్నప్పట్నుంచీ టేపు రికార్డరు చంకలో పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి అతనికా పేరు స్థిరపడిపోయింది. కన్నతల్లి కూడా అలాగే పిలిచేది. కారే కుళాయి, మూలిగే తలుపు, అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు పెట్టే కేక, అన్నిటినీ పట్టుకొచ్చి వాటి మీద ఆమె చేత పాడించేవాడు. ఇదేం సంగీతం అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత ఆ పాటలు కూనిరాగాలు తీశారు. జంటగా పాడినవాళ్ళు జంటగా కాపురమూ పెట్టారు.

వాళ్ళ పనికి రెండు కట్టుబాట్లుండేవి. గదిలో కాలు పెట్టింది మొదలు బయటికి వెళ్ళేదాకా రికార్డరు ఆపకూడదు. ఇద్దరిలో ఒకరు వద్దన్నది బయటికి వెళ్ళకూడదు, ఎందుకు వద్దని రెండోవాళ్ళు అడగకూడదు.

ఇవి కాక మావయ్య నేర్పిన అలవాటొకటుంది. ఏ రోజైనా పని మొదలుపెట్టే ముందు అందరూ ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడాలి. అప్పుడు ఖాళీ గది చప్పుడు రికార్డు చేసేవారు. ఎవరూ మాట్లాడకపోయినా గది ఊరుకోదు. ఫ్యాను, గోడలు, కిటికీ కలిసి ఏదో ఒకటి అంటూనే ఉంటాయి. అది రోజుకో తీరుగా ఉంటుంది. పాటలోంచి ఏదన్నా ముక్క కోసేస్తే, ఆ చోట ఆ రోజు మౌనాన్నే అతికించాలి. ఇంకో రోజుది పెడితే అతుకు తెలిసిపోతుంది.

ఆమెకి ఆరో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ గదికి వెళ్ళలేదు. తిట్టుకుని విడిపోయినా బాగుండేది. తిట్టుకోవడానికి కూడా మాటలు దొరకలేదు. అతను ఎదురింటి వాటాకి, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె అక్కడ ఉండలేక వేరే వీధికి మారింది.

మావయ్య గదిలో ఏమీ మారలేదు. గోడలకి చప్పుడు పీల్చే అవే స్పాంజి పలకలు, కిర్రుమనే అదే కుర్చీ. టేపు మాత్రం కాస్త ఒంగాడు. చొక్కా చేతికి ఒక గుండీ లేదు. అది చూడకూడదనుకుంది, చూసింది.

“ఉడుతమ్మగారొచ్చారు. గింజ దొరికిందా?” అన్నాడు.

“దొరకలేదు. నువ్వే మింగావని చెప్పుకుంటున్నారు.”

“మొదలెట్టారూ! మిమ్మల్ని చూసి మైకులకే సిగ్గేస్తోంది. కూర్చోండి ముందు” అన్నాడు మావయ్య.

ఆల్బం పేరు ‘మిగిలినవి’. పక్కన పడేసిన టేకులు కొన్ని, పాత పాటలకి కొత్తగా దరువులు కట్టిన రీమిక్సులు కొన్ని. మొదటిదాంట్లో ఆమె పైస్థాయి అందుకోబోతూ ఫక్కున నవ్వేసింది. రెండోదాంట్లో మావయ్య తుమ్మాడు. ఎవరో కుర్రకారు ఆ తుమ్మునే తాళంగా మార్చి పాటంతా నడిపారు.

“నా తుమ్ముకి ఇంత భవిష్యత్తుందని తెలిస్తే పెళ్ళిచూపుల్లోనే తుమ్మేవాణ్ణి” అన్నాడు మావయ్య.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో ఆమె కాసేపు అన్నీ మర్చిపోయింది కూడా. నవ్వు ఆగాక మావయ్య ఆమె వైపు చూడకుండా తర్వాతది పెట్టాడు.

ముందు కుర్చీ కిర్రుమంది. ఆ వెనక ఆమె గొంతు, మైకుకి దూరంగా, ఎవరో వింటారని ఎరగని గొంతు. “బుజ్జీ, విన్నావా? మీ నాన్న మళ్ళీ శ్రుతి తప్పాడు. నువ్వైనా నా పోలిక రావాలి సుమా.” కింద నుంచి లిఫ్టు మోత సన్నగా లేచింది. ‘విన్నావా’ ఒక్కటీ విడిపోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ, ఇంకోవైపు నుంచి. అడుగుతూనే ఉంది. జవాబు రావలసిన చోట ప్రతిసారీ దరువు ఆగుతోంది.

పాట బాగుంది. వాళ్ళిద్దరూ కలిసి చేసిన వాటన్నిటికంటే బాగుంది.

“ఆపు మావయ్యా.”

ఆపాడు.

“ఇది పాట కాదు. నా బిడ్డతో నేను చెప్పుకున్న మాట.”

“నీ బిడ్డా?” అన్నాడు టేపు.

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“నీకు కడుపులో ఉంది. కదిలిందని నువ్వు చెబితేనే కదా నాకు తెలిసేది. చెయ్యి పెట్టి చూసేలోగా ఊరుకునేది. ఇంత బతుకులో నేను బిడ్డని విన్నదల్లా నువ్వు మాట్లాడినప్పుడే. నాకింకేం మిగిలిందో చెప్పు.”

“మిగిలిందని ఊళ్ళోవాళ్ళందరి చేతా వినిపిస్తావా? దానికి చిందులేస్తారా వాళ్ళు?”

“చిందులెయ్యరు. అది అలాంటి దరువు కాదు.”

“దరువు గురించి చెబుతున్నాడు మావయ్యా, విను!”

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

“వద్దు” అంది ఆమె.

టేపు చాలాసేపు మీటల వైపు చూశాడు. బతిమాలతాడనుకుంది. బతిమాలితే ఏమనాలో దారిలోనే సిద్ధం చేసుకుని వచ్చింది. అతను ఆ అవకాశం ఇవ్వలేదు.

“సరే. మాట మాటే. తీసేస్తాను” అన్నాడు.

ఆల్బం వచ్చింది. వచ్చిన సంగతి ఆమెకి డబ్బింగు గదిలోనే తెలిసింది. డైలాగులు రాసే అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసుకుంటూ ఎదురొచ్చింది.

“అక్కా, ఎదురింటివాళ్ళు మీరేనట! ఇన్నాళ్ళూ నా పక్కన ఉడుతగా బతికేశారా? ఒక్క ముక్క చెప్పకుండా?”

“ఉడుతకి జీతం సరిగ్గా వస్తుందమ్మా.”

“మూడోది ఉంది చూడండీ, దానికైతే దండం పెట్టాలి. అందులో ఏమీ లేదు! పాట ఉండాల్సిన చోట పాట లేదు. మావాళ్ళందరూ దాని గురించే. ఒకడైతే ఏడ్చాడట.”

“ఏమీ లేనిదానికా?”

“అదే కదక్కా గొప్పతనం!”

ఆమె ఆ అమ్మాయి ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని మెట్ల మీద కూర్చుంది. మూడోది పెట్టుకుంది. ఫ్యాను తిరుగుతోంది. ప్రతి చుట్టుకీ ఒకచోట టక్కుమంటోంది. కిటికీ తెర తాడు గాలికి చట్రాన్ని తడుతోంది. ఇంకేమీ లేదు. ఆ పాట ఎంతసేపు సాగిందో అంతసేపూ అదే.

ఆ టక్కుమనడం ఆమెకి తెలుసు. ఫ్యాను అలా టక్కుమంది ఆ ఒక్క రోజే. సాయంత్రానికి మావయ్య స్టూలెక్కి మర బిగించాడు. ఆ రోజు పొద్దున ఆమె కిటికీ పక్కన, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎదురుగా టేపు నిలబడి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు.

ఆమె టేపుకి ఫోను చేసింది.

“వద్దన్నాను కదా.”

“తీసేశాను కదా.”

“ఆ రోజు గదే దొరికిందా నీకు?”

“ఆ రోజు మాట తీసేసిన చోట ఇంకో రోజు గది పెడితే అతుకు తెలుస్తుంది. నీకు తెలియనిదా?”

“అతుకేమిటి? పాట మొత్తం తీసేశాక ఇంక దేనికతుకు?”

అటువైపు నుంచి లిఫ్టు కేక సన్నగా వినిపించింది.

“నన్నొక మాట అడిగితే పోయేదేముంది?” అంది.

“ఖాళీకి కూడా అడగాలా?” అన్నాడతను.

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికింది. ఉంటే నాలుగు దులిపి పెట్టేసేది. లేదు. ఆమె ఫోను పెట్టేసింది. వద్దనడానికి అందులో ఆమె మాట ఒక్కటీ లేదు. అందరూ అందులో ఏమీ లేదనే మెచ్చుకుంటున్నారు. ఏముందో చెబితే తప్ప దాన్ని తీయించడం కుదరదు. చెబితే ఇంక అది తనది కాదు.

ఇయర్‌ఫోన్లు తిరిగి ఇచ్చేసి లోపలికి వెళ్ళింది. ఉడుతకి గింజ దొరికే సన్నివేశం మిగిలి ఉంది. గంతులేసింది, కిచకిచలాడింది. మొదటి టేకే బాగుందన్నారు.

“మేడమ్, ఇందాక ఒకటి రెండు చోట్ల అతుకులు పడ్డాయి. గది చప్పుడు కాస్త తీసుకుంటాను. కదలకుండా ఉంటారా?” అని అద్దం అవతల నుంచి రికార్డు చేసే అతను అడిగాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఆమె నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“కదిలారు మేడమ్. ఇంకోసారి.”

మళ్ళీ దీపం వెలిగింది.

“మళ్ళీ కదిలారు. ఏమిటివాళ? ఊపిరి బిగబట్టండి, అయిపోతుంది.”

“నేను బయటికి పోతాను. అప్పుడు తీసుకో” అంది.

“అక్కర్లేదు మేడమ్, మీరు ఊరికే నిలబడితే చాలు. అందరూ అలాగే చేస్తారు.”

“ఖాళీ గది కావాలంటే ముందు గది ఖాళీ అవ్వాలి కదయ్యా.”

బరువైన తలుపు రెండు చేతులతో లాగి, బయటికి వచ్చి, నెమ్మదిగా మూసింది. తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది. నడవాలో ఎవరో గట్టిగా మాట్లాడుకుంటూ వస్తుంటే, నోటి మీద వేలు పెట్టి ఆపింది.