చంద్రుడి కోసం అచ్చుపోసిన కుడి సోలు

నేను ఒక బూటు సోలుని. కుడికాలిది. అంతరిక్షంలోకి పోయేవాళ్ల దుస్తులు ఇక్కడ కొత్తగా కుట్టిస్తున్న రోజుల్లో, చంద్రుడి మీద నడవడానికని నమూనాగా చేసిన బూటుది. నేను పుట్టింది బాలానగర్‌లో, వామనరావు గారి రబ్బరు షెడ్డులో.

తెల్లటి సిలికాన్ రబ్బరుని రెండు ఇనుప రోలర్ల మధ్య చపాతీ పిండిలా పిసికి, గట్టిపడే మందు కలిపారు. రబ్బరు ఖరీదు కాబట్టి సుద్దపొడి కూడా దండిగా కలపమన్నారు వామనరావు గారు. సుద్ద ఎక్కువైతే రబ్బరు వేడిని ఆపలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ ముద్దని గాడులు చెక్కిన ఉక్కు అచ్చులో పరిచి, పైఅచ్చు మూసి, సెగలు కక్కే ప్రెస్సు కింద అదిమారు. అంచుల్లోంచి పొంగినదాన్ని బ్లేడుతో కోసేసి, వాసన పోయేదాకా ఓవెన్లో కాల్చారు. బయటికొచ్చేసరికి చూడముచ్చటగా ఉన్నాను. చూసే మనుషులకు మొదట అది చాలు.

ప్రెస్సు నడిపేది ఐలయ్య. షుగరు జబ్బుతో అతని పాదాల్లో స్పర్శ పోయింది. ఒకరోజు కాలిన ఇనుపముక్క మీద కాలేసి, చెప్పు పొగలు కక్కుతున్నా తెలియక అలాగే నడిచిపోయాడు. షెడ్డంతా నవ్వింది. వామనరావు గారు నవ్వలేదు. ఆ పాదం వంక చాలాసేపు చూశారు.

నన్ను పరీక్షించడానికి మందాకిని అనే ఇంజనీరు వచ్చింది. పరికరాలు పెట్టి కొలిచే పరీక్ష తమ ఆఫీసులో ఉంటుందని, ముందుగా ఇక్కడ చూసి పోదామని వచ్చానని చెప్పింది. పరికరం కన్నా మనిషి కాలే నిజం చెబుతుందని వామనరావు గారు ఆమెను ఒప్పించి, ఐలయ్యను పిలిచారు. ఇంతమందిలో తననే ఎందుకు పిలిచారో ఐలయ్య అడగలేదు. కాళ్లు కడుక్కుని, ఉతికిన మేజోడు తొడుక్కుని వచ్చాడు.

కుడికాలికి బూటు తొడిగి, చంద్రుడి మీది పగటి వేడికి సరిపడా కాచిన ఇనుప పలక మీద ఆ కాలు మోపించి అతణ్ని నిలబెట్టారు.

"మంట అనిపించగానే చెప్పండి ఐలయ్య గారూ. ఓర్చుకోవద్దు," అంది మందాకిని.

వేడి నాలోకి ఎక్కింది. ఆపగలిగినంత ఆపాను. సుద్ద ఆపనివ్వలేదు. నా పైన అతని చర్మం ఉడకడం నాకు తెలుస్తోంది. అతనికి తెలియడం లేదు.

"ఎట్లుంది?" అని ఆమె మళ్లీ మళ్లీ అడిగింది.

"సల్లగనే ఉంది మేడం," అన్నాడు ఐలయ్య. అబద్ధం కాదు. ఆమె మొహం వెలిగిపోవడం చూసి అతను ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాడు.

ఆమెను వామనరావు గారు టీకి తీసుకెళ్లాక షెడ్డువాళ్లు బూటు విప్పారు. మేజోడుతో పాటు చర్మం ఊడివచ్చింది.

పుండు కుళ్లింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. వామనరావు గారు బత్తాయిలు పట్టుకుని వెళ్లి, బూటు తప్పేం లేదనీ, షుగరే కాలు తినేసిందనీ చెప్పారు. ఐలయ్య నమ్మాడు. పైగా ఆయనంతటి మనిషి తనను చూడటానికి వచ్చాడని భార్యకు గొప్పగా చెప్పుకున్నాడు.

మందాకిని ఆఫీసులో పరికరాలు నన్ను ఒక్క పూటలో పట్టేశాయి. పనికిరానని తిప్పి పంపారు. ఐలయ్య సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

వామనరావు గారు ఏదీ వృథా పోనివ్వరు. ఐలయ్యను గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టి, కొయ్యకాలు చేయించి, దాని అడుగున నన్ను మేకులతో కొట్టించారు. ఫొటోగ్రాఫర్‌ని పిలిపించారు. ఆయనది వెన్నలాంటి మనసని పేపర్లో పడింది. గేటు దగ్గర ఆగిన ప్రతి లారీ డ్రైవరుకూ ఐలయ్య నన్ను ఎత్తి చూపించేవాడు. "చంద్రునిమీదికి పోవాల్సిందిరా ఇది," అనేవాడు. నడిచేటప్పుడు అతని బరువు నా మీద పడేది. నా మీద మాంసం ఉన్నప్పటి బరువు కాదది.

తర్వాత తనకు ఇంకో అవకాశం ఇవ్వమని వామనరావు గారు మందాకినికి ఎన్నోసార్లు ఫోన్ చేశారు. ఆమె సరేనంది. ఆ మధ్యాహ్నం ఆయన చేతిలో కొత్త తెల్లబూటుతో గేటు దగ్గరికి వచ్చారు. అదే ముద్ద, అదే సుద్ద. ఈసారి ఎడమకాలిది.

"ఐలయ్యా, రేపు మేడం వస్తోంది. నీలా నిలబడేవాడు నాకు దొరకలేదయ్యా. ఇదొకసారి తొడిగి చూడు, సరిపోతదేమో."

ఐలయ్య మొహం విప్పారింది. గోడ పట్టుకుని లేచాడు. బరువంతా నా మీద మోపి, ఎడమకాలి చెప్పు విడిచాడు.