ఎడమచేతి లచ్ఛా

తడి ఆరీ ఆరని సేమియా పోగులను వెదురు దండెం మీదనుంచి దించి, మోకాళ్ళమీద పరచుకొని, బుచ్చమ్మ లచ్ఛా చుడుతున్నది. పోగులను మెలితిప్పి, కొసలను మధ్యలోకి దూర్చి, అరచేత్తో ఒక్కసారి అదిమితే దోసిట్లో ఇమిడేంత ఉండ తయారవుతుంది. దాన్ని చాటలో పెట్టి, తలెత్తకుండానే మరొక పోగు అందుకుంటుంది. పాతబస్తీ హుసేనీ ఆలంలోని ఆ పాత మేడ డాబా నిండా తెల్లని పోగులు ఉదయపు గాలికి అల్లల్లాడుతున్నాయి. రంజాను నెల ముగింపుకొచ్చింది. సాయంత్రం నెలవంక కనిపిస్తే తెల్లవారి పండుగ. ప్రతి ఇంటా సేమియా పాయసం, షీర్ ఖుర్మా.

మిగతా ఆడవాళ్ళు పిట్టగోడ నీడన వరుసగా కూర్చుంటే, బుచ్చమ్మ మాత్రం మెట్లగది వెనక, ఎవరి చూపూ పడని మూలన కూర్చుంటుంది. ఆమెది ఎడమచేతి వాటం. తినే వస్తువును ఆ చేత్తో ముట్టుకుంటే లోకం ఏమనుకుంటుందో ఆమెకు పసితనంలోనే తెలిసింది. తల్లి ఆ చేతికి గుడ్డపీలిక చుట్టి నడుముకు కట్టేసేది. కట్టు విప్పగానే చెయ్యి మళ్ళీ తన దారినే పోయేది. భర్త పోయి ఈ సేమియా కార్ఖానాకు పనికోసం వచ్చిననాడు, యజమాని తల్లి మజీదా బీ ఆ చేతిని కాసేపు చూసి, "అల్లా ఇచ్చిన చెయ్యే కదా. ఆ మూలకు కూసో, ఎవ్వరికీ చెప్పకు" అన్నది. జుట్టు నెరిసేదాకా బుచ్చమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆ కార్ఖానాలో పాతకాలంనుంచీ ఒక పద్ధతి ఉన్నది. ఒక మైదా గోనె, వాళ్ళ మాటలో బోరె, ఒక మనిషికే. పిండి కలపడం మొదలు లచ్ఛా చుట్టేదాకా ఆ బోరె ఆమెదే. ఖాళీ అయిన బోరెను నాలుగు మడతలు పెట్టి, పీటగా వేసుకొని, దానిమీదే కూర్చొని పనిచేస్తారు.

ఎండ పైకెక్కుతుండగా యజమాని ఒవైస్ సేఠ్ మెట్లెక్కి వచ్చాడు. మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"అందరు లేవుండ్రి. కింద ఏసుకున్న బోరెలు తిరగేసి చూపియ్యుండ్రి."

మైదా దుకాణం నుంచి కబురు వచ్చింది. మైదా తెచ్చిన లారీలోనే పురుగుమందు డబ్బాలు కూడా వచ్చాయి. ఒక డబ్బా కారింది. ఆ సరుకుతో బన్నులు కాల్చిన బేకరీ దగ్గర తిన్నవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారట.

బోరెలు ఒక్కొక్కటే తిరగబడ్డాయి, ఏ మరకా లేకుండా. బుచ్చమ్మ పీట మడత విప్పితే అడుగు మడతలో నీలిరంగు మరక, ఎండి అట్టకట్టి ఉన్నది. ముక్కు దగ్గరకు తెస్తే ఘాటు. ఇన్నాళ్ళూ దానిమీదే కూర్చున్నది.

"మాల్ అంత దుకాణాలకు పోయింది" అన్నాడు ఒవైస్, తల పట్టుకొని. "అన్నీ పారేయుండ్రి అంటే పండుగ పూట ఎవ్వరు ఇంటరు? ఏది ఎవ్వరి చేతిదో ఏం గుర్తు?"

బుచ్చమ్మ తన చాటలోనుంచి ఒకటి, మరొకరి చాటలోనుంచి ఒకటి తీసి, రెంటినీ నేలమీద పెట్టింది.

"నావి గుర్తు పట్టొచ్చు, సేఠ్. నాది ఉల్టా తిరుగుతది. నాది పుర్రచెయ్యి."

అందరూ వంగి చూశారు. పిట్టగోడ వరుసలోని నీలమ్మ నోరు నొక్కుకున్నది. "అయ్యో వదినా! ఇన్నేండ్లు మా పక్కనే ఉండి దాచినవా? గొప్పదానివే!"

"ఏది ఏ బోరెదో చెప్పలేను" అన్నది బుచ్చమ్మ. "నా చేతియన్నీ తెప్పియ్యి."

ఒవైస్ గొంతు తగ్గించాడు. "మసీదు మైకుల చెప్పాల్సొస్తది, బుచ్చమ్మా. రేపటి సంది నీ చేతిది ఎవ్వరు తింటరు?"

"పిల్లలు బతకాలె గదా, సేఠ్. నా ముచ్చట తర్వాత."

మధ్యాహ్నం నమాజు ముగియగానే మైకులు మోగాయి. ఉల్టా తిరిగిన లచ్ఛాల్లో పురుగుమందు కలిసి ఉండొచ్చని, వాటిని వండవద్దని, అవి ఎడమచేత్తో చుట్టినవని, బండి వస్తే ఇచ్చి మంచివి తీసుకొమ్మని ఒక మసీదు చెప్పింది; దాని వెనక మరొకటి; ఆ వెనక ఎక్కడో దూరాన ఇంకొకటి. నడుముకు కట్టేసిన ఆ చెయ్యి ఇప్పుడు మినార్లమీదనుంచి వినిపిస్తున్నది. సరుకు చేరవేసే ఖాజా తొక్కుతున్న ట్రాలీ మీద, ఖాళీ గోనెల నడుమ కూర్చొని బుచ్చమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

"కొంగు తియ్యి అక్కా" అన్నాడు ఖాజా. "ఇయ్యాల చార్మినార్ కంటె నువ్వే ఫేమస్."

తాను చుట్టినవి ఎక్కడికి పోతాయో ఆమె ఏనాడూ చూడలేదు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణదారు గల్లాపెట్టె పక్కనుంచి పొట్లం తీసి ఇచ్చాడు. లక్క కరిగించే కొలిమి ముందునుంచి ఒక ముసలాయన, మసిచేతులు తుడుచుకొని, రెండు లచ్ఛాలు తెచ్చాడు. పరదా వెనకనుంచి మెహందీ చేతులు చాచాయి. మేడమీదనుంచి తాడుకట్టిన బుట్టలు దిగాయి. ప్రతి బుట్టలోనూ తన చెయ్యి. పెండ్లికూతురి అత్తింటి సారెలో తన చెయ్యి. పేరు తెలియని గల్లీల్లో, గడప దాటని ఇండ్లలో, తాను లేకుండానే తాను ఉన్నది. మూలన కూర్చున్న ఒక్క మనిషి ఇంత దూరం వ్యాపించగలదా? కొంగు ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు.

గల్లీ చివరింట్లో హిబా అనే చిన్న వయసు తల్లి గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడింది. సేమియా అప్పటికే నలిపి, నెయ్యిలో వేయించేసింది. ఉల్టానో సీదానో చెప్పడానికి ఆకారమే లేదు. వెనక ముగ్గురు పిల్లలు గిన్నెవైపే చూస్తున్నారు.

"మీవే అయితయని ఏం రూలు, అమ్మా? నెయ్యి అప్పు తెచ్చి ఏపిన."

బుచ్చమ్మ ట్రాలీ దిగింది. సేఠ్ పండుగకని ఇచ్చిన తన పొట్లం, నీలమ్మ చుట్టినది, ఒళ్ళోనుంచి తీసి ఇచ్చింది. పిల్లల ముఖాలు చూస్తూ ఎడమచెయ్యి చాచింది. తెలిసి, అందరి ఎదుట, ఆ చేతినే చాచింది.

"ఈ చేతి తప్పు లేదు బిడ్డా, బోరెది తప్పు. కానీ ఇయ్యాల దీన్ని నమ్మకు. నా మాట నమ్ము."

హిబా ఆ చేతినే చూసింది. గిన్నె అందులో పెట్టింది.

బండి వెనక్కి మళ్ళేసరికి ఆకాశం కుంకుమవన్నెకు తిరిగింది. డాబాలన్నీ మనుషులతో నిండాయి. ఎవరో కేక వేశారు, సైరను మోగింది. మక్కా మసీదు పైన, సేమియా పోగంత సన్నగా, నెలవంక. బుచ్చమ్మ గోనెల మీద కూర్చొని తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

పండుగనాడు బస్తీలో ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత అధికారులు వచ్చారు. ప్రతి ప్యాకెట్టు మీద లాట్ నంబరు ఉండాలన్నారు. ఒవైస్ ముద్రలు వేసే యంత్రం కొన్నాడు. మజీదా బీ మాత్రం బుచ్చమ్మ పీటను మెట్లగది వెనకనుంచి తీయించి పిట్టగోడ నీడన వేయించింది. వానాకాలంలో జ్వరం వచ్చి బుచ్చమ్మ నాలుగు రోజులు పనికి రాలేదు. ఆ తరువాత ఇక రాలేదు. శ్మశానానికి మోసినవాళ్ళలో ఖాజా ఒకడు.

మరుసటి రంజానులో హిబా పిల్లల్ని వెంటబెట్టుకొని కార్ఖానాకు వచ్చింది. నంబరు వేసిన ప్యాకెట్లు ఖాజా చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"ఉల్టావి లేవా భాయ్? ఆ అమ్మ చేతియే కావాలె."

ఖాజా మూలనున్న పాత రేకుడబ్బా మూత తీసి, చెయ్యి లోపలికంటా పెట్టి, ఆగిపోయాడు. డబ్బా అడుగున, పోయినేటి పండుగ తరువాత ఎప్పుడో బుచ్చమ్మ చుట్టిన ఒక్క లచ్ఛా ఎడమవైపుకు తిరిగి ఉన్నది.